చిఱుతబల్లి పెట్టెకు వేఁడియు వెలుఁగును

మన పాఠశాలలో చదివి యిప్పు డింగ్లండు దేశమున నుద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకరు గడచిన శీతకాలమున మాకొక యుత్తరము వ్రాసిరి. కుటుంబక్షేమము తెలిపిన పిమ్మట వారు వ్రాసిన సంగతి యిది: “అయ్యగారూ, మా పిల్లవాఁడు పుట్టినదినపు బహుమానముగా నొక బల్లిని పుచ్చుకొని గాజుపెట్టెలోఁ బెంచుచున్నాఁడు. పది దినములనుండి యది మేత ముట్టుట లేదు. పొట్టక్రింది చర్మ మెఱ్ఱవాఱినది. ఎప్పుడు చూచినను నీటిగిన్నెలోనే పడియుండుచున్నది. అంగడివారు చెప్పిన వేఁడిపలకయు ఎఱ్ఱదీపమును గొనియే పెట్టితిమి. లోపమెక్కడనో తెలియకున్నది. వేఁడిమి పాఠము తమయొద్దనే చదివితిని గావున తమ్మే యడుగుచున్నాను. పిల్లవాఁడు రాత్రులు లేచి లేచి పెట్టెను జూచుచున్నాఁడు.”

బల్లికి దీపమేమి, దానికై యుత్తరములేమి యని మన యిండ్లలోని పెద్దలు నవ్వుదురు కాఁబోలు. బల్లి మీఁదఁ బడినచో పంచాంగము తెఱచి ఫలము చూచుకొనుటయే కాని దానిని బెంచుట మన యెఱుకలో లేదు. అయినను సామెతల గ్రంథము 30వ అధ్యాయమున నాగూరు భూమిమీఁది చిన్నవైనను మిక్కిలి జ్ఞానముగల నాలుగింటిని లెక్కించుచు, మన తెలుఁగు బైబిలు ప్రకారము, బల్లిని నాలుగవదానిగాఁ జెప్పియున్నాఁడు. 1611 నాఁటి యాంగ్లానువాదములో నాచోట సాలెపురుగున్నది. ఆ భేదమును బెద్దలకు విడిచి, మేము బల్లి పక్షమే వహించుచున్నాము.

మేము వెంటనే పంపిన ప్రత్యుత్తరము రెండే వాక్యములు. వేఁడిపలకకు విద్యుత్తు తీసివేయుఁడు. రేపటిలోఁగా పశువైద్యునికిఁ జూపుఁడు. కారణములు విపులముగా వ్రాయుటకు మఱికొన్ని దినములు పట్టినవి. ఆ వ్రాసినదానినే మన విద్యార్థులకును, దూరదేశములందు పిల్లలతో నున్న మన కుటుంబములకును ఉపయోగపడు నని తలఁచి యిచ్చటఁ గూర్చుచున్నాము.

మొదట ఆ జంతువు నెఱుఁగవలయును. అది మన గోడలమీఁదఁ బ్రాఁకు బల్లి కాదు. ఆంగ్లమున దానిని లెపర్డు గెకో యందురు. పసుపుపచ్చని మేనిపై నల్లని మచ్చలుండుటచేత మనము చిఱుతబల్లి యనవచ్చును. 1854వ సంవత్సరమున ఎడ్వర్డు బ్లైతు అను జంతుశాస్త్రజ్ఞుఁడు దీనికి శాస్త్రనామ మొసఁగెను. అఫ్గానిస్థానము, పాకిస్థానము, భారతదేశపు వాయవ్యభాగము దీని పుట్టినిల్లు. అచ్చటి ఱాళ్లనేలలలో పగలు బండలక్రింద దాఁగి, మునిమాపువేళ బయటికి వచ్చి పురుగులను వేఁటాడును. గోడబల్లికి లేని కనుఱెప్పలు దీనికిఁ గలవు. గోడబల్లికిఁ గల అంటుకొను వ్రేళ్లు దీనికి లేవు. కావున గాజుగోడ నెక్కి వేఁడినుండి తప్పించుకొనఁజాలదు. నేలయే దానికి సర్వస్వము. తోఁకలో క్రొవ్వు నిలువచేసికొనును గనుక కొన్ని దినములు మేత లేకున్నను బ్రతుకును. అందుచేతనే దాని జబ్బు యజమానికి ఆలస్యముగాఁ దెలియును. చక్కఁగా పెంచినచో పదునైదు, ఇరువది యేండ్లు జీవించును. పదేండ్ల బాలుని కిచ్చిన బహుమాన మతఁడు పెండ్లీడువాఁ డగువఱకు నుండు నన్నమాట. దీని జ్ఞాతియైన మఱియొక చిఱుతబల్లి మన తూర్పుకనుమలలోనే కలదు. 1827లో గ్రే యను పండితుఁడు దానికి హార్డ్విక్కు దొరపేరు పెట్టెను. విద్యార్థు లెవ్వరైనను కొండలలో దానిని జూచినచో చూచి సంతోషించి విడిచిరావలయునే కాని సీసాలలోఁ బెట్టి తేరాదు. అంగళ్లలో విక్రయించునవి తరతరములుగా మనుష్యుల యొద్దనే పొదిగి పెంచినవాని సంతతి.

ఇఁక అసలు విషయము. మనకును, కోళ్లకును, గొడ్లకును దేహములోపలనే పొయ్యి యున్నది. అన్నము దానికి వంటచెఱకు. బల్లికి అట్టి పొయ్యి లేదు. అది వేఁడిని బయటనుండి తెచ్చుకొనవలయును. అంతమాత్రమున నది పరిసరముల యుష్ణోగ్రతకు వట్టి బానిస యని తలఁపరాదు. 1944లో అమెరికా దేశమున కౌల్సు, బోగర్టు అను నిరువురు ఎడారిలోని సరీసృపముల దేహోష్ణతను కొలిచి ప్రకటించిరి. అవి యెండలోనికి వచ్చుచు, నీడకుఁ బోవుచు, మేను ఎండకు త్రిప్పుచు, బొఱియలోఁ దూఱుచు, తమకుఁ గావలసిన వేఁడిని ఆశ్చర్యకరమైన నేర్పుతో నిలుపుకొనుచున్నట్లు తేలినది. వానికి పొయ్యి లేదు. కాని నడక యున్నది. ఆ నడకకుఁ జోటు లేనియెడల, వేఁడిచోటొకటి చల్లనిచోటొకటి లేనియెడల, బల్లి నిజముగా బానిసయే యగును. జీర్ణశక్తికూడ వేఁడిమీఁద నాధారపడియుండును. చలిలో మేసిన పురుగు కడుపులో ముఱిగిపోవును.

ఈ సంగతి మన జిల్లాలలోని కోళ్లషెడ్డులలో చదువురాని కూలివాఁడు సహితము ఎఱుఁగును. ఒకదినపు పిల్లలను తెచ్చి దీపముక్రింద విడిచినప్పుడు అతఁడు ఉష్ణమాపకముకంటె ముందు పిల్లలను జూచును. అన్నియు దీపముక్రింద నొకదానిపై నొకటి యెక్కి గుమిగూడెనా, వేఁడి చాలదు. తడిక యంచునకుఁ బాఱిపోయి నోరు తెఱచుకొని యున్నవా, వేఁడి మిక్కిలి. చోటంతయు సమముగాఁ దిరుగుచు మేయుచున్నవా, సరిపోయినది. ఆ తడికలోపల వేఁడికిని చల్లదనమునకును నడుమ నెడ మున్నది గనుకనే పిల్లలు తమ మనవి చెప్పుకొనఁగలిగినవి. మన మిత్రుని గాజుపెట్టెలోని బల్లియు తన మనవి చెప్పుకొనుచునే యున్నది. నీటిగిన్నెలోఁ బండుకొనుట దాహముచేతఁ గాదు. ఆ పెట్టెలో కాళ్లు కాలని చోటు అదొక్కటియే.

కావున పెట్టె నంతటిని ఒకే డిగ్రీకిఁ గాఁచుట మన పని కాదు. ఒక కొన వేఁడిగాను, రెండవ కొన చల్లగాను నుండునట్లు ఏర్పఱచి, నడుమ నడచు స్వేచ్ఛ బల్లికి విడువవలయును. దీనికి పెట్టె పొడవుగా నుండుట యవసరము. మూఁడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు తగును. పొట్టిపెట్టెలో రెండు కొనలును ఒక్కటే యగును. పగటివేళ దీపముక్రింద బల్లి యెండకాఁచుకొను ఱాతిపలక పైభాగము ఇంచుమించు 34 మొదలు 36 డిగ్రీల సెంటిగ్రేడును, ఆ వైపుననున్న దాఁగుడుగూడు లోపల 31 మొదలు 33 డిగ్రీలును, రెండవ కొనయందు 22 మొదలు 25 డిగ్రీలును ఉండవలయును. రాత్రి దీపమార్పినప్పుడు 20 డిగ్రీలవఱకు దిగినను హాని లేదు. దాని పుట్టినచోట రాత్రులు చల్లనివే. ఇంగ్లండులోని యిండ్లలో శీతకాలపు రాత్రి గదులు అంతకంటెను చల్లఁబడుచుండును. 18 డిగ్రీలకుఁ దక్కువ యగునెడల మాత్రము వెలుఁగు లేని వేఁడి కొంత కావలయును. గూడులు మూఁడుండవలయును: వేఁడికొన నొకటి, చలికొన నొకటి, తడి నాఁచుతో నడుమ నొకటి. ఈ మూఁడవది కుబుసము విడుచుటకు.

వేఁడి ప్రయాణముచేయు మార్గములు మూఁడని మన యెనిమిదవ తరగతి విద్యార్థులు వల్లించుదురు. పెనము అట్టును గాల్చుట వహనము. ఎసరు క్రిందినుండి పైకి మసలుట సంవహనము. ఎండ మన వీఁపును జుఱ్ఱుమనిపించుట వికిరణము. అంగడిలో విక్రయించు ఉపకరణములను ఈ మూఁటిలో దేనిచేతఁ బనిచేయునో యడిగి కొనినచో సగము పొరపాటులు తప్పును.

వేఁడిపలక యనునది పలుచని రేకువంటిది. పెట్టె యడుగునఁ బఱతురు. అది వహనముచేతఁ బనిచేయును. గాజును, గాజునంటిన పొట్టను గాఁచును. పెట్టెలోని గాలిని మాత్రము కొంచెమే కాఁచును. దీనియందే యపాయ మున్నది. గోడకు అంటించిన చౌక ఉష్ణమాపకము గాలివేఁడిని జూపుచు 27 డిగ్రీలని చెప్పుచుండఁగా, క్రింద గాజు పెనమువలెఁ గాఁగుచుండును. మన మిత్రుని యింట జరిగినదిదియే. పైఁగా ఆ పెట్టెలో నాలుగంగుళముల మందమున నిసుక పోసియుండిరి. ఇసుక మంచి వాహకము కాదు గనుక పలకనుండి వచ్చిన వేఁడి పైకిఁ బోవఁజాలక అడుగుననే చిక్కుకొనును. గాజు ఇంకను కాఁగును. ఇసుకపైన చల్లగా నుండుటచే బల్లి తన స్వభావముచొప్పున వేఁడికై క్రిందికిఁ ద్రవ్వుకొనుచుఁ బోయి సరిగా ఆ పెనముమీఁదఁ బండుకొనును. ఎడారిలో లోఁతునకుఁ బోయినకొలఁది చల్లదనము దొరకును. ఈ పెట్టెలో లోఁతునకుఁ బోయినకొలఁది మంట. సృష్టిలో లేని తలక్రిందుల యేర్పాటును మనము కల్పించి, తెలియని ప్రాణి దానిలోఁ జిక్కిన పిమ్మట జబ్బెందుకు చేసినదని యడుగుచున్నాము. మేము సూచించినట్లు బాలుఁడు ఇసుక తీసివేసి, ఒక్క గంటసేపు పలక వెలిగించి, గాజును కొలువఁగా 46 డిగ్రీలు చూపినదఁట.

వేఁడిపలక యసలే పనికిరాదని మేము చెప్పుట లేదు. పెట్టె యడుగులో మూఁడవవంతుకు మించకుండ, ఒక కొననే, పలుచని పొరక్రింద, ఉష్ణనియామకముతోఁ గలిపి పెట్టినచో రాత్రిచలికి సహాయకారియే. విద్యుత్తుతోఁ గాఁగు కృత్రిమపు ఱాళ్లను మాత్రము ఎంత తక్కువ వెలకు వచ్చినను కొనవలదని మా దృఢాభిప్రాయము. అవి యొక్కొక్కచోట నొక్కొక్కవిధముగాఁ గాఁగును. బల్లులకుఁ గాలిన పుండ్లు పడుట వానివలన చాల కలదు.

పగటివేఁడికి పైనుండి వ్రేలాడు హేలొజెను దీపము శ్రేష్ఠము. ఇది వికిరణముచేతఁ బనిచేయును. ఎండవలెనే పైనుండి దిగి ఱాతినిఁ గాఁచును; ఱాయి సాయంకాలమువఱకు వేఁడి నిలువచేసి బల్లి పొట్ట కందించును. దానినుండి వచ్చు పరారుణకిరణములలో అధికభాగము సూర్యుని కిరణములవలె పొట్టితరంగములుగలవి. చర్మముక్రిందికిఁ గొంత లోఁతుగాఁ బోయి కండను గాఁచును. పింగాణితోఁ జేసిన వెలుఁగులేని కాఁపుడుబుడ్డి కిరణములు దీర్ఘతరంగములుగలవి. అవి చర్మపు పైపొరయందే నిలిచి, గాలినిగూడ నెండఁబెట్టును. అయినను వెలుఁగులేదు గనుక గడ్డుచలిరాత్రులకు అదే తగినది. దీపము నిలువవలసిన యెత్తు విషయమై మన విద్యార్థులు లెక్కను మఱవరాదు. చిన్నదీపమునుండి దూరము రెట్టింపైనచో తీక్ష్ణత ఇంచుమించు నాలుగవవంతగును. కావున రెండంగుళముల మార్పు చిన్నది కాదు. మూఁడడుగుల పెట్టెకు 50 వాట్టుల దీపము తఱచు చాలును. అది దినమునకు 12 గంటలు వెలిఁగినను యూనిట్టులో పదింట ఆఱువంతులే ఖర్చు. దీపము బల్లికి అందకుండ తీఁగెల బోను తొడుగుట మంచిది.

దేశములు మాఱు మన కుటుంబములకు మఱియొక మాట. అమెరికాలో విద్యుత్పీడనము 120 వోల్టులు, ఇంగ్లండులోను మన దేశములోను 230. అచ్చటి దీపము నిచ్చటఁ దగిలించినచో మూఁడున్నర రెట్లకుమించిన శక్తి దానిలోఁ బ్రవహింపఁ జూచును. దీపము పగులుటయో, మంట పుట్టుటయో సంభవించును.

ఏ యుపకరణము కొనినను ఉష్ణనియామకము లేక వెలిగింపరాదు. అంగడివారు దీపమును విక్రయించి నియామకము మాట యెత్తకపోవుటయే యీ యనర్థమునకు మూలము. దాని వెల దీపముకంటె హెచ్చు గనుక కొనువారును అడుగరు. పని సులభము: తీఁగె చివరనున్న స్పర్శక మొకటి యచ్చటి వేఁడిని దెలిసికొని, మితి మీఱినంతనే విద్యుత్తును తగ్గించును. హేలొజెను దీపమునకు వెలుఁగును మెల్లమెల్లఁగాఁ దగ్గించు రకము కావలయును; ఆర్పుచు వెలిగించుచు నుండు రకమైనచో బల్లికి దినమంతయు మెఱుపులే. పలకకు ఆ రెండవ రకము చాలును. స్పర్శకమును బల్లి పండుకొనుచోటనే, కదలకుండ బిగింపవలయును. అది జాఱి చల్లనిచోటఁ బడెనా, నియామకము చలియని భ్రమించి యెడతెగక కాఁచుచునే యుండును. అందుచేత నియామకమును నమ్మియు, వేఱుగాఁ గొలువవలయును. 2020వ సంవత్సరమున బడి గుమ్మములయొద్ద మన నొసళ్లకు గుఱిపెట్టిన పరికరమును పిల్లలు మఱచియుండరు. ఆ జాతిదే, ఎక్కువ వేఁడిని గొలుచునది, వర్తకులయొద్ద దొరకును; ఱాతిపైని, గూటిలోని వేఁడిని తాఁకకుండఁగనే చూపును.

వెలుఁగు సంగతి వేఁడియంత తొందరది కాదుగాని ఉపేక్షింపఁదగినది కాదు. చిఱుతబల్లి సంధ్యాచారి. పగలు పగలుగాను, రాత్రి రాత్రిగాను నుండవలయును. మన మిత్రుఁడు రేయింబవళ్లు వెలిగించిన యెఱ్ఱదీపము “బల్లి కంటికిఁ గనఁబడదు” అని యంగడిలోఁ జెప్పినమాట నమ్మఁదగదు. ఆ దీపమునుండి వచ్చునది శుద్ధమైన యెఱుపు కాదు. బల్లుల కన్నులు మనకంటె సూక్ష్మమైనవి కూడను. 2004లో స్వీడను దేశపు లుండు విశ్వవిద్యాలయమున లీనా రోత్, ఆల్మట్ కెల్బరు అను నిరువురు స్త్రీలు, రాత్రిసంచారము చేయు నొకజాతి బల్లులు మసకవెన్నెలలో సహితము నీలవర్ణమును బూడిదవర్ణమునుండి గుఱుతింపఁగలవని నిరూపించిరి. ఆ మసకలో మన కన్నులకు రంగులే తోఁచవు. అట్టి కంటిమీఁద రాత్రియంతయు నెఱ్ఱదీపము నుంచుట నిద్రపోవు బిడ్డ మొగమున లాంతరు పట్టుటవంటిది.

అతినీలలోహిత కిరణములను గూర్చి పూర్వము పెంపకదారులు, రాత్రితిరుగు జంతువున కివి యేల యనుచుండిరి. ఇప్పు డభిప్రాయము మాఱినది. ఈ కిరణములు చర్మమునఁ దాఁకినప్పుడు డి విటమిను పుట్టును. అది లేనిదే మేతలోని కాల్షియము ఎముకల కెక్కదు. ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోవును. చిఱుతబల్లులకు దినమునకు రెండుగంటలు ఈ కిరణములు సోఁకఁజేసినంతనే వాని రక్తములో ఆ విటమిను హెచ్చినట్లు 2018లో ప్రకటింపఁబడిన పరిశోధన తెలుపుచున్నది. ఎంత కావలయునన్న, టెక్సాసు క్రిష్టియను విశ్వవిద్యాలయపు గేరీ ఫెర్గుసనును ఆయన తోడివారును 2010లో సరీసృపములను వాని యెండ యలవాటునుబట్టి నాలుగు తరగతులు చేసిరి. చిఱుతబల్లి నీడప్రియమైన మొదటి తరగతిలోనిదిగా నెంచుదురు. ఆ తరగతివాని సగటు సూచిక 0.7 మించదు. కావున బలహీనమైన గొట్టపుదీపమే కొనవలయును. అదియును వేఁడికొనకే, దాఁగుటకు నీడ విడిచి. తెల్లజాతి బల్లులకు మఱింత తక్కువ. కిటికీయొద్దఁ బెట్టితిమి చాలదా యని యడుగుదురేమో. కిటికీ గాజు ఆ కిరణములను రానీయదు, వేఁడిని మాత్రము రానిచ్చి పెట్టెను పొయ్యి చేయును. గొట్టపుదీపము కంటికి వెలుఁగుచున్నను దాని యతినీలలోహితశక్తి క్షీణించుచుండును. ఏఁటికొకసారి మార్చుట మంచిది. దీపమున్నను పురుగులకు కాల్షియపు పొడి యద్దుట మానరాదు.

ఎండకాలము వచ్చినచో నేమి చేయవలయునని పిల్లవాఁడు తన చేతితో వేఱుగా వ్రాసి యడిగెను. మంచి ప్రశ్న. 2022 జూలై 19వ తేదీని ఇంగ్లండులోని కోనింగ్స్బీయందు 40.3 డిగ్రీలు కాసినది. ఆ దేశమున నలువదిడిగ్రీలు దాఁటుట ఆ దినమే మొదటిసారి. బెజవాడవారికి అది వింతగాదు గాని, చలికొనయే 30 దాఁటినప్పుడు బల్లికిఁ బాఱిపోవఁ జోటుండదు. అట్టి దినములలో వేఁడిదీపము నార్పి, పెట్టెను ఇంటిలోని చల్లని గదికి మార్చి, తడిగూటిని తడిపి యుంచవలయునని వ్రాసితిమి.

వైద్యుఁడు కాలినపుండ్లకు మందు వ్రాసి, పెట్టెలో ఇసుకకు మాఱుగా కాగితము పఱపించెను. నియామకమును, హేలొజెను దీపమును వచ్చినవి, ఎఱ్ఱదీపము పోయినది. బాలుఁడు గీతలకాగితముపై దినమునకు మూఁడుమాఱులు వేఁడిని, బల్లి యున్నచోటును గుఱుతుపెట్టుచు నెలకొకసారి మాకుఁ బంపుచున్నాఁడు. మొదటి కాగితమున అన్ని గుఱుతులును చలికొననే. మూఁడవ వారమున సాయంకాలపు గుఱుతు నడుమకు వచ్చినది. తొమ్మిదవ దినమున నొక పురుగును, పదమూఁడవ దినమున మూఁడింటిని దిన్నదని ప్రక్కన వ్రాసియున్నాఁడు. రెండు కుబుసములు విడిచినను పొట్టమీఁది మచ్చ యింకను పోలేదఁట. కడపటి కాగితమున ఉదయము 7 గంటల గడిలో “ఱాతిమీఁద, దీపము వెలుఁగకముందే వచ్చి కూర్చున్నది” అని యున్నది.